ఏటా గ్యాస్ కొట్టించాల్సిన ఏసీ అంటూ ఉండదండి

మీరు రాసింది మొత్తం చదివానండి. కాకినాడలో ఇల్లు, ఆరేళ్ల కిందట కొన్న 1.5 టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ, మూడేళ్ల నుంచి ప్రతి మార్చిలో మెకానిక్ రావడం, గ్యాస్ తగ్గిపోయింది అని చెప్పి కొట్టేసి మూడు వేల దాకా తీసుకుని వెళ్లిపోవడం, జూన్ వచ్చేసరికి ఇండోర్ నుంచి గోడ మీదకి నీళ్లు కారడం, ఆన్ చెయ్యగానే ముక్కిన గుడ్డ వాసన. ఇంట్లో మనం ఏం చేసుకోవచ్చు, సర్వీస్ ఏడాదికి ఎన్నిసార్లు, జెట్ వాష్ మంచిదా ఫోమ్ మంచిదా, అసలు దీన్ని ఇచ్చేసి కొత్తది కొనుక్కోవాలా అని అడిగారు. నేను ఈ పనిలో 22 ఏళ్ల నుంచి ఉన్నాను, విండో ఏసీల రోజుల్లో హెల్పర్‌గా చేరి ఇప్పుడు కాకినాడ, సామర్లకోట, పిఠాపురం వైపు సొంతంగా చేస్తున్నాను. కాస్త పెద్దగానే రాస్తాను, ఎందుకంటే మీరు విడివిడిగా చెప్పిన ఈ సమస్యలు విడివిడివి కావు, ఒకదాని వెనకాల ఒకటి వచ్చినవే అని నాకు అనిపిస్తోంది.

ముందు గ్యాస్ సంగతి చెప్తాను, డబ్బులు పోతున్నది అక్కడే కాబట్టి. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదండి. రాగి పైపుల్లో మూసేసిన దారిలో తిరుగుతూ ఉంటుంది, లోపల కాయిల్‌లో ఆవిరై గదిలో వేడి పీల్చుకుంటుంది, బయట కాయిల్‌లో మళ్లీ ద్రవమై ఆ వేడిని వదిలేస్తుంది, అంతే. పదేళ్లు నడిచినా పోసినంత గ్యాస్ పోసినట్టే ఉండాలి. తగ్గింది అంటే ఎక్కడో లీకు ఉంది అని అర్థం, లీకు వెతక్కుండా గ్యాస్ కొట్టడమంటే చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. ఇంకో విషయం కూడా ఉంది, అది చాలామందికి తెలీదు. గ్యాస్ నిజంగా తగ్గకపోయినా ప్రెషర్ కొలిచే గేజ్ ఒక్కోసారి తక్కువ చూపిస్తుంది. ఎలాగంటే, ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి కాయిల్ మీదకి గాలి సరిగ్గా వెళ్లకపోతే లోపలి గ్యాస్‌కి ఆవిరవడానికి కావాల్సిన వేడి అందదు, వేడి అందకపోతే ప్రెషర్ పడిపోతుంది, మెకానిక్ గేజ్ పెట్టి చూసి చూడండి సార్ ముల్లు ఎంత కిందుందో అంటాడు. ముల్లు అబద్ధం చెప్పట్లేదు గానీ అది చెప్తున్నది గాలి తక్కువైందని, గ్యాస్ తక్కువైందని కాదు. పైగా మీది ఇన్వర్టర్ మెషీన్, కంప్రెసర్ స్పీడు గది వేడిని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, దాంతో పాటే ప్రెషర్ కూడా మారుతుంది, అలాంటప్పుడు ఒక్కసారి గేజ్ చూసి గ్యాస్ లెక్క కట్టడం సరైన పద్ధతి కాదు. అందుకే నేను ముందు కడగకుండా గేజ్ పెట్టను. ఫిల్టర్, కాయిల్, గదిలోకి గాలి తోసే బ్లోయర్ కడిగి, బయట యూనిట్ కూడా కడిగి, 20 నిమిషాలు నడిపి అప్పుడు చూస్తాను. గ్యాస్ తక్కువ అనుకుని వెళ్లిన చాలా ఇళ్లలో ఆ కడగడంతోనే పని అయిపోయింది.

మరి నిజంగానే లీకు ఉంటే ఎలా ఉంటుందో ఒకటి చెప్తాను. జగన్నాధపురంలో ఒక రిటైర్డ్ మాస్టారు గారి ఇల్లు, ఆయనకీ మీలాగే మూడు వేసవులు వరసగా గ్యాస్ కొట్టించుకున్న అనుభవం. డాబా మీద ఔట్‌డోర్ పక్కన కూర్చుని పైపులు కలిసే చోట ఉన్న ఇత్తడి నట్లు చూశాను. రెండు నట్లు ఉంటాయి, ఒకటి సన్న పైపుది, ఒకటి లావు పైపుది. సన్న పైపు నట్టు మీద దుమ్ము మామూలుగా పొడిగా ఉంది. లావు దాని మీద దుమ్ము మాత్రం నల్లగా, ముద్దగా, వేలు పెడితే జిడ్డుగా అంటుకుంది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా తిరుగుతుంది కాబట్టి గ్యాస్ బయటికొచ్చే చోట ఆ జిడ్డు కనపడుతుంది. గిన్నెలో సబ్బు నీళ్లు నురగ చేసి బ్రష్‌తో పూశాను, మాస్టారు గారు కళ్లజోడు సవరించుకుని వంగి చూస్తున్నారు, ఒక అర నిమిషం ఏం లేదు, తర్వాత నట్టు కింది అంచు నుంచి ఆవగింజంత బుడగ, అది పెరిగి శనగ గింజంత అయి పగిలింది, వెంటనే ఇంకోటి. ఆ పైపు చివర గరాటులా వెడల్పు చేస్తారే, ఫ్లేర్ అంటాం, అది ఫిట్టింగ్ రోజునే వంకరగా చేశారు. గ్యాస్ వెనక్కి కంప్రెసర్ వైపు లాగి, చివర కోసి, కొత్త ఫ్లేర్ చేసి, బిగించి, లీక్ టెస్ట్ చేసి, వాక్యూమ్ తీసి, గ్యాస్ తూకం వేసి పోశాను. నాలుగేళ్లయింది, ఆయన ఇంట్లో మళ్లీ గేజ్ పెట్టే అవసరం రాలేదు.

కాబట్టి ఈసారి మెకానిక్ వచ్చి గ్యాస్ తగ్గింది అంటే మీరు గట్టిగా అడగాల్సింది ఎక్కడ లీకో చూపించమని. లీకు సరి చేశాక నైట్రోజన్‌తో ప్రెషర్ పెట్టి కనీసం అరగంట ముల్లు కదలకుండా నిలబడుతుందా చూడాలి. తర్వాత వాక్యూమ్ పంప్ పెట్టి ఓ అరగంట లాగాలి, గాలీ తేమా లోపల ఉండిపోతే తర్వాత కంప్రెసర్‌కే ముప్పు. కాస్త గ్యాస్ వదిలి గాలి తోసేస్తాను, వాక్యూమ్ అక్కర్లేదు అనేవాళ్ల చేత చేయించుకోకండి. గ్యాస్ పోసేది తూకం మెషీన్ మీద సిలిండర్ పెట్టి, మీ ఔట్‌డోర్ పక్కన అతికించిన స్టిక్కర్ మీద ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు అని రాసి ఉంటుంది, అంతే పోయాలి. ఆరేళ్ల కిందటి మెషీన్ అంటే చాలావరకు ఆర్32 అయ్యుంటుంది, స్టిక్కర్ చూసుకోండి. పాత ఆర్22 లాగా కాదు ఇది, దీని ప్రెషర్ ఎక్కువ, పైగా మంట అంటుకునే గుణం కొంచెం ఉంది, కాబట్టి లోపల గ్యాస్ ఉండగా వెల్డింగ్ పెట్టకూడదు, గది తలుపులు తెరిచి ఉంచి పని చెయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యం, నైట్రోజన్ సిలిండర్ తేలేదు, వెల్డింగ్ ఆక్సిజన్‌తో ప్రెషర్ పెడతాను అని ఎవరైనా అంటే ఆ క్షణమే పని ఆపించెయ్యండి. లోపల ఆయిల్ ఉంటుంది, ఆక్సిజన్ తగిలితే కంప్రెసర్ పేలిపోతుంది, ప్రాణాలే పోతాయి. మా పనిలో కుర్రాళ్లకి నేను మొదటి రోజు చెప్పే మాట ఇదే.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న పనికి వద్దాం. ఏసీ బాగుండాలంటే గాలికి దారి ఉండాలి, నీటికి దారి ఉండాలి, ఈ రెండూ ఇంటివాళ్లు చూసుకోగలిగినవే, దానికి మెకానిక్ అక్కర్లేదు.

ఫిల్టర్ 15 రోజులకోసారి కడగండి. రోడ్డు పక్క ఇల్లయినా, పక్కన ఇల్లు కడుతున్నా, ఇంట్లో కుక్కో పిల్లో ఉన్నా వారానికోసారి. ముందు రిమోట్‌తో కాదు, ఎంసీబీ, అంటే బోర్డులో ఏసీకి కరెంటు మొత్తం ఆపే స్విచ్, అది ఆపండి, రిమోట్‌తో ఆపితే లోపల కరెంటు ఉంటూనే ఉంటుంది. ముందు మూత రెండు పక్కలా వేళ్లు పెట్టి పైకెత్తితే నిలబడుతుంది, ఫిల్టర్ జాలీని కొంచెం పైకి నెట్టి కిందకి లాగితే వచ్చేస్తుంది. దాన్ని అలాగే కుళాయి కింద పెట్టేస్తారు చాలామంది, దుమ్ము తడిసి జాలీ కన్నాల్లోకి ఇంకా దిగిపోతుంది. ముందు బయటికి తీసుకెళ్లి మెల్లగా తట్టండి, దుమ్ము దూది పొరలాగా ఊడి పడుతుంది, అప్పుడు తిరగేసి, అంటే దుమ్ము లేని వైపు నుంచి నీళ్లు పట్టండి, వచ్చిన దారినే వెనక్కి పోతుంది. బాగా జిడ్డు పట్టి ఉంటే గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు, పాత టూత్ బ్రష్, చాలు. వేడి నీళ్లు వద్దు, ఎండలో ఆరెయ్యొద్దు, ప్లాస్టిక్ వంకర పోయి మళ్లీ గాడిలో కూర్చోదు, సందుల్లోంచి దుమ్ము నేరుగా కాయిల్ మీదకి పోతుంది. నీడలో పూర్తిగా ఆరాక పెట్టండి. కడిగినదాన్ని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి, ప్రతి కన్నం లోంచీ వెలుతురు రావాలి, మసకగా ఉన్న చోట ఇంకా జిడ్డు ఉన్నట్టే. జాలీ వెనక చిన్న చిన్న ముక్కల్లా నల్లటి కార్బన్ ఫిల్టర్లు ఉంటే వాటిని మాత్రం నీళ్లలో పెట్టకండి, మెషీన్‌తో ఇచ్చిన పుస్తకంలో కడగొచ్చని రాసి ఉంటేనే కడగండి.

బెడ్‌రూమ్‌లో ధూపం, దోమల కాయిల్ వెలిగిస్తారా? ఏసీ నడుస్తుండగా వెలిగిస్తే ఆ పొగ ఫిల్టర్‌ని దాటి పోయి తడిగా ఉన్న కాయిల్ మీద జిగురుగా పేరుకుంటుంది, దాని మీద దుమ్ము అతుక్కుంటుంది, అది ఫిల్టర్ కడిగితే పోయే మురికి కాదు. వంటగదికి ఆనుకుని ఉన్న హాల్లో ఏసీ ఉంటే పోపు ఆవిరి కూడా అంతే, అలాంటి ఇళ్లలో కాయిల్ పసుపు రంగు జిడ్డుతో ఉంటుంది. పొగ పెట్టాలంటే ఏసీ ఆపి తలుపులు తీసి పెట్టి, పొగ పోయాక వేసుకోండి.

నీళ్ల విషయం. చల్లటి మజ్జిగ గ్లాసు బల్ల మీద పెడితే బయట చెమట పట్టినట్టు గదిలో గాలిలో ఉన్న తేమ కాయిల్ మీద నీరవుతుంది. మన కాకినాడ ఉక్కకి 1.5 టన్ను మెషీన్ రాత్రంతా నడిస్తే ఒక బకెట్ నీళ్లు రావడం మామూలే, వస్తున్నాయంటే మంచిదే, గదిలో తేమ బయటికి పోతోందని అర్థం. ఆ నీళ్లు కాయిల్ కింద ట్రేలో పడి పైపు గుండా బయటికి పోవాలి. ఫిల్టర్ దాటొచ్చిన సన్న దుమ్ము ఆ తడిలో కలిసి ట్రేలో తెల్లటి జిగురులా, అటుకులు నానినట్టు ముద్దగా తయారవుతుంది, అది పైపు మూతి దగ్గర అడ్డం పడితే నీళ్లు ట్రే నిండి గోడ మీదకి దిగుతాయి. వాసన కూడా అక్కడిదే, ఆ ముద్దలోనూ, బ్లోయర్ రెక్కల మీద పట్టిన నల్లటి బూజులోనూ పుడుతుంది. అది రూమ్ ఫ్రెషనర్ కొడితే పోదు, అత్తరు జల్లితే పోదు, కడిగితేనే పోతుంది.

మీరు రాసిన దాంట్లో ఒక మాట దగ్గర నేను ఆగాను. డ్రెయిన్ పైపు చివర బకెట్లో పెట్టి ఆ నీళ్లు మొక్కలకి పోస్తున్నాం అన్నారు. మొక్కలకి పోయడం చాలా మంచి పని, కానీ పైపు చివర బకెట్ నీళ్లలో మునిగి ఉందా చూడండి. మునిగితే పైపులో గాలి బయటికి పోలేదు, నీళ్లు దిగవు, వెనక్కి తంతాయి. పోయినేడు భానుగుడి దగ్గర ఒకరింట్లో రెండుసార్లు ట్రే కడిగించినా కారడం ఆగలేదంటే వెళ్లాను, పైన అంతా శుభ్రంగానే ఉంది, పైపు చివర చూస్తే బకెట్ అడుగుదాకా దించారు, జానెడు పైకి తీసి కట్టగానే పైపులో ఆగిపోయిన నీళ్లన్నీ బుడబుడా ఒక్కసారి దిగాయి. పైపు దారి పొడవునా వాలు కూడా కిందకే ఉండాలి, మధ్యలో ఎక్కడా పైకి లేచి మళ్లీ దిగకూడదు, వంపు ఉన్న చోట జిగురు ఆగిపోతుంది. నెలకోసారి బయట పైపు చివర గట్టిగా నీళ్లు వస్తున్నాయా చుక్కలుగా వస్తున్నాయా చూడండి. ఏసీ గంట నడిచినా చుక్క కూడా రాకపోతే అది కారడానికి ముందు ఇచ్చే హెచ్చరిక అనుకోండి. తడి పీల్చే వాక్యూమ్ క్లీనర్ ఇంట్లో ఉంటే బయట చివర గుడ్డ చుట్టి ఒక నిమిషం పీల్చండి, ఆ జిగురు వచ్చేస్తుంది. బయట నుంచి లోపలికి గాలి ఊదకండి, మురికంతా మళ్లీ ట్రేలోకి ఎగదన్ని గోడ మీద పడుతుంది.

నీళ్లు కారడానికి ఇంకో కారణం ఐసు. గాలి ఆగినా, గ్యాస్ నిజంగా తగ్గినా కాయిల్ సున్నా కిందకి చల్లబడి మంచు పడుతుంది, ఏసీ ఆపగానే అది కరిగి ట్రే పట్టలేనంత నీరు ఒకేసారి వస్తుంది. మీది జూన్‌లో మొదలవుతోంది, మార్చి నుంచి ఫిల్టర్ కడక్కుండా నడిపి ఉంటే లెక్క సరిగ్గా సరిపోతుంది. ఐసు కనిపిస్తే కూలింగ్ ఆపి ఫ్యాన్ మోడ్‌లో రెండు మూడు గంటలు వదిలెయ్యండి. దయచేసి స్క్రూ డ్రైవర్‌తోనో చాకుతోనో గీకకండి. అలా గీకి కాయిల్‌కి కన్నం పెట్టుకున్న ఇళ్లు నేను చూశాను, కడుగుడుతో పోయేదానికి కాయిల్ మార్చాల్సి వచ్చింది. ఫిల్టర్ కడిగి పెట్టాక కూడా మళ్లీ ఐసు పడితే అప్పుడు మెకానిక్‌ని పిలవండి.

బయట యూనిట్ గురించి మన సముద్రం ఊళ్ల వాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. ఉప్పు గాలి ఔట్‌డోర్ కాయిల్ మీద కూర్చుంటుంది, రాగి పైపు, అల్యూమినియం రేకులు రెండు వేరు లోహాలు కలిసిన చోట ఉప్పు తడి తగిలితే అది అల్యూమినియాన్ని తినేస్తుంది, తెల్లటి పిండిలా రాలిపోతుంది, వేలితో రుద్దితే రేకు పొడి అయిపోతుంది. హైదరాబాద్‌లో పదేళ్లు ఉండే కాయిల్ సముద్రానికి దగ్గర్లో అన్నేళ్లు రాదు. దీనికి మందు మంచినీళ్లే. నెలకోసారి ఎంసీబీ ఆపి, మొక్కలకి నీళ్లు పట్టే గొట్టంతో పైనుంచి కిందకి మామూలు ధారగా కడగండి, ఉప్పు కరిగి పోతుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉండే వీధులు మన దగ్గర చాలా ఉన్నాయి, ఆ నీళ్లతో వద్దు, మున్సిపాలిటీ నీళ్లు పట్టండి. ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొట్టొద్దు, రేకులు వంగి ఒకదానికొకటి అతుక్కుంటాయి, గాలి దారి మూసుకుంటుంది. పక్క మూత తెరవకండి, అందులో కెపాసిటర్లు ఉంటాయి, ఎంసీబీ ఆపాక కూడా వాటిలో కరెంటు నిలవ ఉంటుంది, కొడుతుంది. ఇవన్నీ ఔట్‌డోర్ డాబా మీదో, నేల మీదో, బాల్కనీలోనో ఉంటేనే. పై అంతస్తు గోడకి బయట వేలాడుతుంటే కిటికీలోంచి వంగి కడగడానికి ప్రయత్నం చెయ్యకండి. మా పని చేసేవాళ్లే అలా పడిపోయి ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. మీ ఇంటికొచ్చిన కుర్రాడు బెల్టు కట్టుకోకుండా సన్ షేడ్ మీదకి దిగుతుంటే ఆపండి, అతని మీద ఆధారపడ్డ ఇల్లు ఒకటి ఉంటుంది.

ఔట్‌డోర్ వెనక కనీసం అడుగు ఖాళీ, ముందు మూడు అడుగుల ఖాళీ ఉండాలి, వదిలే వేడి గాలి తిరిగి అదే పీల్చుకోకూడదు. పావురాలు వస్తున్నాయని చుట్టూ సన్న జాలీ బిగించి, దాని మీద తడి బట్టలు ఆరేసి, పక్కన పాత సామాన్లు పేర్చి, రోహిణి కార్తెలో ఏసీ చల్లబడట్లేదు అంటే అది పాపం ఏం చేస్తుంది. జాలీ కట్టుకోండి, పెద్ద కన్నాలది కట్టండి, ముందు వైపు వదిలెయ్యండి.

సర్వీస్ ఎన్నిసార్లు అన్నారు కదా. మీ వాడకానికి, మార్చి నుంచి అక్టోబర్ దాకా రోజూ రాత్రి నడుస్తుంది కాబట్టి రెండుసార్లు. ఫిబ్రవరి చివర్లో ఒకటి, ఎండలు ముదిరాక మాకు ఊపిరి ఆడదు, పని తొందర తొందరగా అయిపోతుంది, ముందే పిలిస్తే నిదానంగా చేస్తాం. రెండోది వానలు తగ్గాక. నాలుగు నెలలే వాడేవాళ్లకి ఒకటి చాలు. జెట్టా ఫోమా అంటే, ఫోమ్ అనేది కాయిల్ మీద మురికిని మెత్తబరిచే సబ్బు, అంతే. ఫోమ్ కొట్టి వదిలేసి అదే కారిపోతుంది అంటే సగం పని. ఫోమ్ కొట్టినా కొట్టకపోయినా తర్వాత నీళ్లతో జెట్ పెట్టి కడగాలి. సర్వీస్ అంటే ముందు మూత, బాడీ ఊడదీసి, కరెంటు బోర్డుకి కవర్ కట్టి, కింద నీళ్లు పట్టే ప్లాస్టిక్ జాకెట్ తగిలించి గొట్టం బకెట్లోకి పెట్టి, కాయిల్ పైనుంచి కిందకి, తర్వాత బ్లోయర్‌ని చేత్తో తిప్పుకుంటూ రెక్క రెక్కకీ నీళ్లు కొట్టి, ట్రే, పైపు కడగడం. మీరు బకెట్ దగ్గర నిలబడి చూడండి. మొదట బొగ్గు కలిపినట్టు నల్లటి నీళ్లు, బూజు తునకలు వస్తాయి, తేరిన నీళ్లు వచ్చేదాకా ఆపకూడదు. పది నిమిషాల్లో ఫిల్టర్ దులిపి, ముందు నుంచి కాసిని నీళ్లు చల్లి వెళ్లిపోతే వాసన వారంలో తిరిగొస్తుంది, ఎందుకంటే బ్లోయర్ ముట్టుకోలేదు.

యాసిడ్‌తో కడిగితే తళతళలాడుతుంది అంటారు, వద్దు. నేను పనిలో చేరిన కొత్తలో మా దగ్గర అలాగే చేసేవాళ్లు, నేనూ చేశాను. ఆ రోజు నిజంగానే కొత్తదానిలా మెరుస్తుంది, ఏడాది తిరిగేసరికి రేకులు పలచబడి, ఆ తర్వాత పైపుకి సన్న కన్నాలు పడేవి. నా చేత్తో కడిగిన ఒక కాయిల్ అలా పాడైతే ఆ ఇంటివాళ్లకి నేనే నా ఖర్చుతో కాయిల్ మార్చి ఇచ్చాను, అప్పటి నుంచి యాసిడ్ సీసా నా సంచిలో లేదు. మామూలు నీళ్లు, అవసరమైతే కాయిల్ కోసం అమ్మే మెత్తటి క్లీనర్, అంతే.

పని అయిపోయాక బాగా చేశారో లేదో మీరే కొలుచుకోవచ్చు. వంద రెండొందలకి దొరికే చిన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. కూలింగ్‌లో 20 నిమిషాలు నడిచాక ఏసీ పైన గాలి పీల్చుకునే చోట ఒకసారి, కింద గాలి వచ్చే చోట ఒకసారి పెట్టి చూడండి. రెంటికీ తేడా 8 నుంచి 12 డిగ్రీలు ఉంటే మెషీన్ బాగున్నట్టే, ఎవరేం చెప్పినా గ్యాస్ కొట్టించుకోవద్దు. సర్వీస్ కాగానే ఆ తేడా ఒక కాగితం మీద తేదీ వేసి రాసి ఎంసీబీ డబ్బా మూత లోపల అతికించండి. వచ్చే ఏడు అదే పద్ధతిలో చూస్తే తగ్గిందో లేదో మీకే తెలుస్తుంది, వాదన అక్కర్లేదు.

రోజువారీ వాడకంలో రెండు మాటలు. ఆపే ముందు పది పదిహేను నిమిషాలు ఫ్యాన్ మోడ్‌లో నడిపితే కాయిల్ ఆరుతుంది, బూజు పట్టదు, వాసన సగం దీంతోనే తగ్గుతుంది. చాలా కొత్త మోడళ్లలో ఆపగానే కాసేపు తనే ఫ్యాన్ తిప్పుకుంటుంది, ఆగట్లేదేంటి అని ఎంసీబీ ఆపేస్తుంటారు, ఆపకండి, అది ఆరబెట్టుకుంటోంది. ఇక టెంపరేచర్, 16లో పెట్టుకుని దుప్పటి కప్పుకోవడం కన్నా 24, 25లో పెట్టి సీలింగ్ ఫ్యాన్ చిన్నగా తిప్పుకోండి. 2020 నుంచి స్టార్ రేటింగ్ ఏసీలన్నీ ఆన్ చెయ్యగానే 24 చూపించేలా పెట్టింది కేంద్రం వాళ్ల బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ, ఒక్క డిగ్రీ పెంచితే 6 శాతం దాకా కరెంటు మిగులుతుందని వాళ్ల లెక్క. 16లో రాత్రంతా నడిస్తే కాయిల్‌కి ఊపిరి తీసుకునే ఖాళీ ఉండదు, ఫిల్టర్ కొంచెం మురికిగా ఉన్నా ఐసు పట్టేది అలాంటప్పుడే.

వేసవి అయ్యాక పక్కన పెట్టేటప్పుడు ఒక గంట ఫ్యాన్ మోడ్‌లో ఆరబెట్టి, ఫిల్టర్ కడిగి పెట్టి, ఎంసీబీ ఆపి, రిమోట్‌లో సెల్స్ తీసెయ్యండి. ఔట్‌డోర్‌కి ప్లాస్టిక్ కవర్ మొత్తం బిగించి కట్టొద్దు, లోపల చెమట పట్టి తుప్పు ఇంకా ఎక్కువవుతుంది, ఎలకలు కాపురం పెడతాయి. పైన ఒక రేకు ముక్క చాలు. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ప్లగ్గు పట్టుకుని చూడండి, అరగంట నడిచాక ప్లగ్గు, సాకెట్ చెయ్యి కాలేంత వేడిగా ఉంటే లూజు కాంటాక్ట్ ఉంది, ఎలక్ట్రీషియన్ని పిలిచి సాకెట్ మార్పించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద ఏసీ నడపడం ఎప్పటికీ వద్దు. బల్లులు ఔట్‌డోర్ బోర్డులోకి దూరి షార్ట్ అవడం మన వైపు చాలా ఎక్కువ, సర్వీస్ చేసే అతన్ని వైర్లు లోపలికెళ్లే కన్నం ఎం-సీల్‌తో మూసెయ్యమనండి, ఐదు నిమిషాల పని, బోర్డు పోతే మాత్రం వేలల్లో ఖర్చు.

ఇక కొత్తది కొనాలా అన్నది. ఆరేళ్ల మెషీన్‌ని ఇప్పుడే ఇచ్చెయ్యకండి. ముందు కంపెనీ కార్డు వెతకండి, చాలా కంపెనీలు కంప్రెసర్‌కి పదేళ్ల దాకా వారంటీ ఇస్తున్నాయి, కొన్ని కండెన్సర్ అనే బయట కాయిల్‌కి కూడా ఐదేళ్లో ఎక్కువో ఇస్తాయి, ఉంటే బయట మెకానిక్ కన్నా ముందు కంపెనీకే ఫోన్ చెయ్యండి. పూర్తి సర్వీస్ చేయించి, తేడా కొలిచి, అప్పటికీ తక్కువ చల్లబడితే లీకు వెతికించండి. నట్ల దగ్గరయితే, లేదా బయట పైపు మీద ఒకటి రెండు చోట్ల అయితే బాగు చేయించుకోవడమే లాభం, ఇంకో నాలుగైదేళ్లు నడుస్తుంది. లోపలి కాయిల్‌కి కన్నమైతే అతుకులు వేయించొద్దు, ఒక చోట మూస్తే ఇంకో చోట పోతుంది, కాయిలే మార్పించండి. బయట కాయిల్ రేకులు పిండిలా రాలిపోతూ, లోపలి కాయిల్ కూడా లీకై, బోర్డు కూడా ఒకసారి మార్చి ఉంటే అప్పుడు కొత్తదాని గురించి ఆలోచించండి, కొనేటప్పుడు రెండు కాయిళ్లూ రాగివేనా, వాటి మీద తుప్పు పట్టకుండా నీలం రంగో బంగారు రంగో పూత ఉందా అని అడిగి తీసుకోండి, సముద్రం గాలికి ఆ పూత పనికొస్తుంది. ఫిట్టింగ్ రోజు మాత్రం మీరు ఇంట్లోనే ఉండి, వాక్యూమ్ పంప్ పెట్టారా, నట్ల మీద సబ్బు నీళ్లు పూసి చూశారా అని దగ్గరుండి చూసుకోండి. మాస్టారు గారింట్లో నేను చూసిన లీకు ఆ రోజు మొదలైందే.

ప్రస్తుతానికి ఈరోజు చెయ్యాల్సింది ఆ బకెట్లోంచి పైపు పైకి తీసి కట్టడం, ఫిల్టర్ తీసి వెలుతురుకి పట్టుకుని చూడటం. ఔట్‌డోర్ పక్కన పైపులు కలిసే ఆ రెండు నట్ల ఫోటో, స్టిక్కర్ ఫోటో తీసి ఇక్కడే పెట్టండి, జిడ్డు ఉందో లేదో చూసి చెప్తాను.